ఎర్త్ గుంతకు బిందెడు నీళ్లు

మా అనంతపురంలో కల్యాణ మండపం చూపించేటప్పుడు ఓనర్లు పాటించే వరస ఒకటుంది. ముందు పెండ్లికూతురి గదిలో ఏసీ వేసి చూపిస్తారు. తర్వాత డైనింగ్ హాలు, పంక్తికి ఎంతమంది కూర్చుంటారో లెక్క. ఆ తర్వాత జనరేటరు. ఇన్ని చూపించినా బేరం తెగకపోతే, తల పైకెత్తి, గోడకు బిగించిన పొడవాటి పెట్టెల వైపు వేలు పెట్టి, "మైక్ సెట్టు గూడా మాదే ఉండాది సార్. బయట్నుంచి తెచ్చుకునే పన్లే" అంటారు. దాంతో అడ్వాన్సు చేతులు మారుతుంది.

పెండ్లికూతురి నాయన చెవికి ఆ మాట ఎంత చల్లగా తగులుతుందో చెప్పలేను. అప్పటికే ధర్మవరం చీరలకూ, బంగారానికీ, వంటవాళ్లకూ ఇచ్చి ఇచ్చి అలిసిపోయిన మనిషి. సౌండ్ సర్వీసు బాడుగ మిగిలిందన్న సంబరంలో మండపం గేటు దాటకముందే మాకు ఫోన్ చేస్తాడు.

"మీరు వాయిద్యాలు తెచ్చుకుంటే చాలప్పా. స్పీకర్లు హాల్లోనే ఉండాయి. వైరు తగిలిచ్చేదొక్కటే పని."

కొత్త పాట నేర్చుకోవడానికి పట్టిన టైము కంటే ఆ వైరు తగిలించడానికి ఎక్కువ టైము పట్టిన పెండ్లిండ్లు నాకు తెలుసు.

మేమంటే ఎవరో చెప్పాలి కదా. పగలు ఎవరి ఉద్యోగం వాళ్లది, సాయంత్రం ఆర్కెస్ట్రా. పాడేది హైస్కూల్లో లెక్కలు చెప్పే మాస్టారు. తబలా, రిథమ్ ప్యాడ్ ఆర్టీసీ కండక్టరు. ఆడగొంతుకు ఒక నర్సమ్మ ఉంది, డ్యూటీ కుదిరితే వస్తుంది. కుదరకపోతే యుగళగీతం మాస్టారొక్కడే పాడతాడు. ఆ సంగతి ఇక్కడ వద్దు. కీబోర్డు నేను. మిక్సరు ముందు కూర్చునే పిల్లవాడు పాలిటెక్నిక్ చదివాడు కాబట్టి వాణ్ణి అందరం ఇంజినీరు అంటాం. సొంతానికి ఒక చిన్న మిక్సరు, కొన్ని మైకులు, రెండు బాక్సులు ఉన్నాయి. ఇంటిముందు పందిట్లో నామకరణానికి ఆ రెండు బాక్సులు బ్రహ్మాండం. వెయ్యిమంది పట్టే హాల్లో పెడితే మాత్రం మొదటి వరసలో కూర్చున్న పెద్దాయన చెవులు మూసుకుంటాడు, చివరి వరసలోవాళ్లు మేమెప్పుడు మొదలుపెడతామా అని ఎదురుచూస్తుంటారు.

అందుకని హాలు స్పీకర్లకు కలపక తప్పదు.

ఆ స్పీకర్ల సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. హాల్లో గోడకు నిలువుగా సన్నటి కాలమ్ స్పీకర్లు. డైనింగ్ హాలు సీలింగులో గుండ్రటివి. పెండ్లికొడుకు ఊరేగింపు వచ్చి ఆగే గేటు దగ్గర, స్తంభం మీద, ఒక ఇనుప గొట్టం. ఇవన్నీ ఒకే ఆంప్లిఫయరుకు, ఒకే జత వైరు మీద వరసగా తగిలించి ఉంటాయి. దీన్ని హండ్రెడ్ వోల్ట్ లైన్ అంటారు. ఆంప్లిఫయరు లోపలున్న ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజీ పెంచి పంపిస్తుంది, ప్రతి స్పీకరు వెనకా ఉన్న బుల్లి ట్రాన్స్‌ఫార్మరు తనకు కావలసినంతకు దించుకుంటుంది. సబ్‌స్టేషను నుంచి మన వీధికి కరెంటొచ్చే పద్ధతే ఇది. వోల్టేజీ ఎక్కువైతే కరెంటు తక్కువ చాలు, కాబట్టి సన్నటి వైరు మీద కూడా ఎంతో దూరం పోతుంది, దారిలో నష్టం తక్కువ. గుళ్లలో, బస్టాండుల్లో, రైల్వే స్టేషన్లలో అంతటా ఇదే ఏర్పాటు. గుంతకల్లు జంక్షన్లో ఏ ప్లాట్‌ఫారం మీద ఏ మూల నిలబడ్డా మన బండి ఆలస్యమన్న వార్త సమానంగా అందేది ఇలాంటి లైను పుణ్యాన్నే.

బండి ఆలస్యం చెప్పడానికి పుట్టిన స్పీకరుకు తబలా ఏం తెలుస్తుంది? మనిషి మాట వినపడితే చాలునని చేసినవి అవి. ఆ బుల్లి ట్రాన్స్‌ఫార్మర్లు మంద్రస్థాయిని మోయలేవు, ఆ సన్నటి పెట్టెలు పలకలేవు. మా కండక్టరు డగ్గా మీద మణికట్టు ఆనించి ఎంత ప్రేమగా గుమ్మనిపించినా గోడలోంచి 'టిక్కు' అని వస్తుంది. "నేను వాయిస్తాండేది తబలానా, టికెట్లు కొడ్తాండానా?" అని స్టేజీ మీదే నన్ను అడుగుతాడు.

అన్నీ ఒకే లైను మీద ఉండటంలో ఇంకో చిక్కుంది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా లౌడ్‌స్పీకరు మోగకూడదు. మూసి ఉన్న హాలు లోపల, లోపలివాళ్ల కోసం అయితే పరవాలేదు. అంటే పది కొట్టాక మేము పాడొచ్చు, గేటు దగ్గరి గొట్టం పాడకూడదు. చాలా న్యాయమైన ఏర్పాటు. కానీ మేం పాడే హాలులో గొట్టానికి వేరే స్విచ్చు పెట్టాలని కట్టినవాళ్లకు తోచలేదు. పది గంటలకు కానిస్టేబులు వచ్చి, "లోపల మీ ఇష్టం సార్, బయటది మాత్రం ఆపండి" అని మర్యాదగానే చెబుతాడు. అప్పుడు నిచ్చెన తెచ్చి, స్తంభమెక్కి, కటింగ్ ప్లేయరుతో గొట్టం వైరు కత్తిరిస్తారు. మర్నాడు ఇంకో పెండ్లికి మళ్లీ అతుకుతారు. ఆ వైరుకున్న ఇన్సులేషన్ టేపు ముడులు లెక్కపెడితే ఆ సీజన్‌లో ఎన్ని ముహూర్తాలున్నాయో చెప్పొచ్చు.

ఇక హాలు కట్టిన తీరు. కింద నున్నగా పాలిష్ పట్టిన తాడిపత్రి బండలు, పైన కాంక్రీటు, రెండు పక్కలా అద్దాలు. మాస్టారు పల్లవి అందుకుంటే ఆ మాట బయటికి పోయే దారి లేక బండల మీద పడి, కప్పుకు తగిలి, అద్దాల మీద జారి, చరణంలో ఉన్న మాస్టారిని వచ్చి కలుసుకుంటుంది. తాడిపత్రి అంటే గుర్తొచ్చింది, బళ్ళారి రాఘవ పుట్టింది అక్కడే, 1880లో. ఆంధ్ర, కన్నడ దేశాల నాటక ప్రేక్షకులను ఆయన సొంత గొంతుతోనే ఏలాడు. ఆయన రోజుల్లో వైర్‌మన్ కోసం నాటకం ఆగిన దాఖలా లేదు.

మాకు ఆగుతుంది. హాలు ఆంప్లిఫయరు తాళం వేసిన గదిలో ఉంటుంది. తాళంచెవి వైర్‌మన్ దగ్గరుంటుంది. వైర్‌మన్ బోరు మోటారు దగ్గరుంటాడు. ఈ మూడో వాక్యం అనంతపురం జిల్లాలో ఏ రోజైనా, ఏ వేళైనా నిజమే. అతను చేతులకంటిన గ్రీజు తుడుచుకుంటూ వచ్చి గది తెరిస్తే, లోపల విరిగిన కుర్చీలు, వెలిసిపోయిన సుస్వాగతం బోర్డు, ఎవరో పోయిన ఏడాది మరిచిపోయిన థర్మాకోలు నెమలి, వాటి మధ్య కుంకుమ బొట్టు పెట్టిన ఆంప్లిఫయరు. దాని గుండీల పక్కన తెల్ల ప్లాస్టరు మీద బాల్‌పెన్నుతో 'తిప్పరాదు'.

ఇంజినీరూ వైర్‌మనూ ఒకరి సామాను ఒకరు చూసుకునే తీరు, కొత్త వియ్యంకులు ఒకరింటికొకరు వెళ్లినప్పుడు గోడలూ దూలాలూ చూసినట్టుంటుంది. పైకి నవ్వే, లోపల లెక్క వేరే.

"అన్నా, లైన్ ఇన్ ఉండాదా?"

"అన్నీ ఉండాయి. నీకేం గావల్ల?"

"మా మిక్సర్ అవుట్ దీంట్లోకి పంపియ్యల్ల."

"మైక్ జాక్ ఉండాది గదప్పా, దాంట్లో పెట్టు. నాదస్వరమోళ్లు గూడా దాంట్లోనే పెడ్తారు."

"అది మైకన్నా. మాది మిక్సరు."

"మిక్సరైతే ఏం, ఏదైతే ఏం. లోపలికి పొయ్యేది పాటే గదా!"

తర్కంలో తప్పు పట్టలేం. వోల్టుల్లోనే ఉంది తేడా. మైకు పంపేది వోల్టులో వెయ్యోవంతుల లెక్క. మిక్సరు పంపేది ఒక వోల్టు, ఆ పైన. దాదాపు వెయ్యి రెట్లు. చిన్న గుసగుసను పట్టుకుని పెద్దది చేయడానికి పెట్టిన సాకెట్టులోకి మిక్సరును తోస్తే దానికి ఊపిరాడదు. పోయిన వైశాఖంలో ఒక రిసెప్షన్‌లో ఇలాగే పెట్టించారు. నేను కీబోర్డు మీద మెత్తగా ఒక మీట నొక్కాను. హాలంతా గరగరమంది. పెండ్లికూతురి అవ్వ మొదటి వరసలోంచి ఉలిక్కిపడి లేచి, "పెండ్లి పూట గూడా శెనక్కాయ మిషనేసినారు యాడో, ఆపమని చెప్పు పో" అని మనవణ్ణి పరుగెత్తించింది. ఆ పిల్లవాడు మిషను కోసం మండపం చుట్టూ తిరిగొచ్చాడు.

వెనకవైపు 'ఆక్స్' అనే గుంటలో పెడితే ఆ గరగర పోతుంది. ఆంప్లిఫయరును గోడ నుంచి జరిపితే గానీ ఆ గుంట కనపడదు, నెమలిని జరిపితే గానీ ఆంప్లిఫయరు జరగదు. ఆ రోజు వైర్‌మన్‌కు నెమలిని కదిలించడం ఇష్టం లేకపోయింది. పక్కన ఖాళీగా ఉన్న మూడు పిన్నుల సాకెట్టు చూపించి, మా మిక్సరులో హెడ్‌ఫోన్ గుంట నుంచి దానికి తనే ఒక వైరు లాగాడు. "సూడు, ఇప్పుడెంత మెత్తగా వస్తాదో!"

మెత్తగానే వచ్చింది. కీబోర్డు వచ్చింది. తబలా టిక్కుటిక్కు కూడా వచ్చింది. మాస్టారు మాత్రం రాలేదు. నోరు కదులుతోంది, మెడనరాలు ఉబ్బుతున్నాయి, చెయ్యి గాల్లో స్వరాలు పేనుతోంది, గోడల్లోంచి మాట లేదు. ఆ మాట వెనకాల సాగే ఎకో ఒక్కటి మాత్రం సన్నగా, ఏ బావిలోంచో అన్నట్టు వస్తోంది.

దీని వెనక ఉన్న లెక్క మాస్టారు పాఠమే. హెడ్‌ఫోన్ గుంటలో ఎడమ చెవికి ఒకటి, కుడి చెవికి ఒకటి రెండు ధ్వనులుంటాయి. మూడు పిన్నుల సాకెట్టు పని వేరు. రెండు తీగల మీద ఒకే ధ్వనిని, ఒకదాని మీద నేరుగా, రెండోదాని మీద తలకిందులుగా తీసుకుని, ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తుంది. దారిలో రెండు తీగలకూ సమానంగా అంటిన రొద అలా కొట్టుకుపోవాలని ఆ ఏర్పాటు. ఎడమలోంచి కుడిని తీసేస్తే? రెంటిలోనూ సమానంగా ఉన్నది సున్నా అవుతుంది. పాడేవాడి గొంతును ఎప్పుడూ సరిగ్గా మధ్యలోనే పెడతారు కాబట్టి సున్నా అయింది మాస్టారు. కీబోర్డు, తబలా అటూ ఇటూ సర్ది ఉన్నాయి, బతికాయి. ఎకోను రెండు చెవులకూ వేరువేరుగా తయారుచేస్తుంది మిషను, అదీ బతికింది. ప్రతి కచేరీలోనూ "ఇంజినీరూ, ఎకో కొంచెం పెంచు నాయనా" అని ప్రాణం తీసే మనిషికి దేవుడు ఆ రోజు ఎకో ఒక్కటే ఇచ్చాడు. పాట అయ్యాక మాస్టారు అంతా విని, "కరెక్టే, ఎక్స్ మైనస్ ఎక్స్" అని ఒప్పుకున్నాడు. చప్పట్లు బాగానే పడ్డాయి. చాలామంది కీబోర్డు సోలో అనుకున్నారట.

నెమలిని జరపక తప్పలేదు.

ఈ బాధ మాకొక్కరికే అనుకుంటారేమో. 1965 ఆగస్టు 15న, మనమిక్కడ జెండాలెత్తి మిఠాయిలు పంచుకున్న రోజున, న్యూయార్కులో షే స్టేడియమనే బేస్‌బాల్ మైదానంలో బీటిల్స్ కచేరీ జరిగింది. యాభై అయిదు వేలకు పైగా జనం. వాళ్ల గిటార్ల కోసం వోక్స్ కంపెనీ ప్రత్యేకంగా 100 వాట్ల ఆంప్లిఫయర్లు చేసిచ్చింది. ఇప్పుడు మా ఊళ్లో వినాయకుడి నిమజ్జనానికి ట్రాక్టరు మీద అంతకు ఎన్నో రెట్లు వేసుకుపోతారు. ఆ చాలీచాలని శబ్దానికి తోడు, గొంతులను స్టేడియం స్పీకర్లకే కలిపారు, అంటే బ్యాటు పట్టుకుని వచ్చే ఆటగాడి పేరు చదవడానికి పెట్టినవాటికి. జనం కేకల్లో వాళ్ల పాట వాళ్లకే సరిగా వినపడలేదు. కండక్టరుకు ఈ కథ చెబితే తల ఊపి, "వాళ్ల వైర్‌మన్ గూడా మోటారు కాడ ఉండుంటాడు" అన్నాడు.

సాకెట్టు దొరికి, మట్టం కుదిరి, మాస్టారు కూడా తిరిగొచ్చాక అసలుది మొదలవుతుంది: గుయ్యిమనడం. ఎవరూ పాడకపోయినా, ఎవరూ వాయించకపోయినా, అన్ని గోడల్లోంచి ఒకేలాగా, ఆగకుండా. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది, ఆ ఊగుడు చెవికి తెలిసే రూపం ఇది. కీబోర్డు మీద వెతికితే మంద్రంలో 'జి'కి కాస్త పైన పడుతుంది. శ్రుతిపెట్టె దండగ, కరెంటాఫీసువాళ్లే శ్రుతి ఇస్తున్నారు, అందరం జిలోనే పాడేద్దామని మాస్టారు ఒకసారి ప్రతిపాదించాడు. జికి కాస్త పైన అన్నానుగా, ఆ కాస్త దగ్గరే చెడింది.

దీనికి కారణం చెబుతాను, ఎందుకంటే ఇది మా జిల్లా గొడవ. హాలు ఆంప్లిఫయరు కరెంటాఫీసు లైను మీద, హాలు ఎర్త్ మీద ఉంటుంది. స్టేజీ మీద మా సామాను, లైట్లు, ఫ్యాన్లు జనరేటరు మీద. దాని ఎర్త్ వేరే. ఈ రెండు ఎర్త్‌ల మట్టం ఒకటి కాకపోతే, ఆ తేడా పోవడానికి ఒక దారి వెతుక్కుంటుంది. మేం లాగిన పాట వైరే ఆ దారి. వైరు చుట్టూ ఉండే అల్లిక తీగ మీదుగా అటువాళ్ల భూమి ఇటు, ఇటువాళ్ల భూమి అటు వచ్చిపోతుంటే స్పీకరు గుయ్యిమంటుంది.

ఎర్త్ అంటే నిజంగానే భూమి. గుంత తవ్వి, రెండున్నర మీటర్ల ఇనుప పైపు దించి, చుట్టూ బొగ్గులు, ఉప్పు పొరలుపొరలుగా నింపుతారు. పైన గరాటు పెట్టి, సిమెంటు మూత వేస్తారు. ఆ గరాటు ఎందుకంటే నీళ్లు పోయడానికి. నేలలో తడి ఉంటేనే భూమి కరెంటును పుచ్చుకుంటుంది, ఎండిపోయిన గరుసు నేల పుచ్చుకోదు. కోనసీమలో కొబ్బరిచెట్టు మొదట్లో ఇనుప చువ్వ గుచ్చినా పని జరిగిపోతుందేమో. మాది ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే చూసే ఎర్రనేల. దేశంలో జైసల్మేరు తర్వాత మేమేనని బళ్లో గర్వంగా చదువుకుని పెరిగాం. పైగా ముహూర్తాలన్నీ ఎండాకాలంలో, వైశాఖంలో వచ్చి పడతాయి. పెండ్లిండ్లు ఎక్కువైనప్పుడే భూమి బాగా ఎండి ఉంటుంది. బ్యాండు జోరు మీద ఉండేటప్పుడే ఎర్త్ చచ్చి ఉంటుంది.

కరువు మీద మా వాళ్లు చాలా రాశారు. పంటలు, పశువులు, బెంగళూరు వలసలు, ఎండిన చెరువులు, అన్నీ అయ్యాయి. స్పీకరు గుయ్యిమనడం కూడా కరువేనని ఎవరూ రాసుకోలేదు. కేంద్రం నుంచి బృందం వచ్చినప్పుడల్లా ఎండిన శెనక్కాయ చేను దగ్గరికి తీసుకుపోతారు. ఒక్కసారి కల్యాణ మండపం వెనక్కి తీసుకుపోయి ఎర్త్ గుంత చూపిస్తే బాగుండును.

చూపించాలంటే ముందు అది కనపడాలి.

"ఎర్త్ యాడుండాదన్నా?" ఇంజినీరు అడిగాడు.

"ఉండల్ల."

"యాడ?"

"హాలు కట్టేటప్పుడు తవ్విరి. నేను కండ్లారా సూస్తి."

వంటశాల వెనక, బోర్లించిన గుండిగల కింద దొరికింది. మూత మీద కొత్తిమీర కట్టలు ఆరబెట్టి ఉన్నాయి. మూత ఎత్తితే లోపల బొగ్గు తెల్లగా పొడిబారి ఉంది, గరాటులో సాలీడు కాపురం పెట్టింది. ఇంజినీరు వంట మేస్త్రి దగ్గరికి పోయి బిందెడు నీళ్లడిగాడు.

"ఏంటికి?"

"దీంట్లో పోసేకి."

మేస్త్రి గరిటె పక్కన పెట్టాడు. "మట్టిలో పోసేకా? పొద్దుట్నుంచి రెండో ట్యాంకరు రాల్యా. పప్పు ఉడికేకి నీళ్లు ల్యాక నేను సస్తాంటే నువ్వు పాటలకు నీళ్లంటావే! పెండ్లోళ్లు పాటలు తింటారా?"

"పాట బాగా వినపడాలంటే..."

"ఇనపడేకి నీళ్లెందుకప్పా? గొంతెండితే తాపు. భూమికి తాపుతారా యాడన్నా?"

మాటకు మాట పెరిగి, పెండ్లికూతురి మేనమామ వచ్చి, ఇద్దరి వాదనా విని తీర్పు చెప్పాడు. తాగే నీళ్లు ఇచ్చేది లేదు, బియ్యం కడిగిన నీళ్లు తీసుకోండి. అవి మామూలుగా పక్కింటి బర్రెకు పోతాయి. ఆ పూట బర్రెను పస్తు పెట్టి, పాటను బతికించాం. బియ్యం కడిగిన నీళ్లు ఎర్త్‌కు పనికొస్తాయా అన్నది పాలిటెక్నిక్‌లో చెప్పలేదట. తడి తడే కదా అనుకున్నాం. పోసిన బిందె చప్పుడు లేకుండా లోపలికి పోయింది. ఇంకోటి పోశాం. మా నేల ఇంకా అన్నట్టే చూసింది. ఈలోపు మేస్త్రికి కూడా పట్టుదల వచ్చింది. దోసెడు గల్లుప్పు తెచ్చి, "ఎంతెయ్యల్ల?" అన్నాడు. ఇంజినీరు జవాబు వెతుక్కునేలోపు తనే, "రుచికి తగినంత" అని చల్లేశాడు.

గుయ్యిమనడం పూర్తిగా పోలేదు, తగ్గింది. మైకు తాకితే చేతికి జివ్వుమనేది మాత్రం బాగా నెమ్మదించింది. ఆ జివ్వు సంగతి మాస్టారిని అడగండి. ఎర్త్ సరిగా లేని ఒక ఊళ్లో పెదవి మైకు జాలీకి ఆనేసరికి, పాట రాసినవాడూ కట్టినవాడూ ఎన్నడూ అనుకోని గమకం ఒకటి పలికింది. ముందు వరసవాళ్లు వన్స్‌మోర్ అన్నారు.

ఇలాంటప్పుడు ప్రతి ఊళ్లోనూ ఒక అనుభవజ్ఞుడు సలహా ఇస్తాడు. ఆ రోజు వైర్‌మనే ఇచ్చాడు. "ఇంత అగచాట్లెందుకప్పా, ప్లగ్గులో ఆ లావు పిన్ను ఇరగ్గొట్టు. గుయ్ ఎట్ల పోదో సూస్తా." పోతుంది, ఆ మాట నిజమే. రెండు భూముల మధ్య దారి తెగిపోతుంది కాబట్టి రొద ఆగుతుంది. కానీ ఆ లావు పిన్ను ఉన్నది, లోపల ఎక్కడైనా కరెంటు కారితే దాన్ని మాస్టారి పెదవి దాకా రానీయకుండా భూమిలోకి పంపడానికి. పిన్ను విరగ్గొడితే గుయ్యిమనడం స్పీకరులో ఆగుతుంది, తర్వాత ఇంకెక్కడ ఏది ఆగుతుందో చెప్పలేం. ఈ ఒక్క విషయంలో మా ఇంజినీరు ఎవరి మాటా వినడు, మేనమామ తీర్పు కూడా.

ఇవన్నీ పడుతున్నప్పుడు నాకు ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట వాళ్ల మీద అసూయ పుడుతుంది. తోలుబొమ్మలాటకు పేరుపడ్డ ఊరు. ఆ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. తోలుబొమ్మలాటలో రామరావణ యుద్ధానికి ఉరుములూ మెరుపులూ కావాలంటే కాళ్ల కింద చెక్కలు పెట్టుకుని టకటకా తొక్కుతారు, అంతే. అదే బాంబు, అదే పిడుగు. హార్మోనియం, మృదంగం, తాళాలు, దేనికీ పిన్ను లేదు, గుంట లేదు. ఆటగాళ్లు భూమి మీద నిలబడి తొక్కుతారు కాబట్టి ఎర్త్ కూడా సరిపోయింది.

మా ఇంజినీరు చేసిన పని చివరికి చాలా చిన్నది. బెంగళూరు ఎస్పీ రోడ్డులో కొన్న ఇనుప డబ్బా ఒకటి, అరచేతిలో పట్టేంత, సంచీ అడుగు నుంచి తీశాడు. దాన్ని డీఐ బాక్స్ అంటారు. లోపల చిన్న ట్రాన్స్‌ఫార్మరు: ఒకవైపు చుట్టలోకి మా పాట వస్తుంది, మధ్యలో ఇనుము, అటువైపు చుట్టలో నుంచి హాలుకు పోతుంది. రెండు చుట్టలూ ఒకదాన్నొకటి తాకవు. అయస్కాంత శక్తి మీద పాట దాటుతుంది, భూమి దాటదు. పక్కన గ్రౌండ్ లిఫ్ట్ అని బుల్లి మీట ఉంటుంది, అది నొక్కితే వైరు అల్లిక తీగ ఒక్క చోట తెగుతుంది. ప్లగ్గులో పిన్ను మాత్రం పిన్నులాగే ఉంటుంది. అది సంచీలో ఉండగా బియ్యం కడిగిన నీళ్లదాకా ఎందుకు పోయావురా అని కండక్టరు నిలదీస్తే, "జివ్వుమనేదానికి ఇది మందు గాదన్నా, దానికి ఎర్త్ గావల్సిందే. గుయ్యికి ఇది" అన్నాడు. పాలిటెక్నిక్ చదువు అప్పుడప్పుడూ నిజంగా బయటపడుతుంది.

మీట నొక్కాడు. టక్కుమంది. హాలు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. వంటశాలలో మేస్త్రి పోపు వేసిన చప్పుడు స్టేజీ మీదికి వినిపించింది. మాస్టారు మైకు ముందు మామూలుగా ఊపిరి తీసుకుంటే అది కూడా చివరి వరస దాకా శుభ్రంగా పోయింది. మేము ఒకరి ముఖం ఒకరు చూసుకుని, మొదటి పాట ఎత్తుకోబోయేంతలో ఓనరు మెట్ల మీద నుంచి పరుగున వచ్చాడు. వెనకే వైర్‌మన్.

"ఏమైంది? మా స్పీకర్లు ఆగిపోయినాయే!"

"ఆగలేదు సార్. గుయ్ తీసేసినాం" అన్నాడు ఇంజినీరు గర్వంగా.

ఓనరు వైర్‌మన్ వైపు చూశాడు. వైర్‌మన్ తల గోక్కున్నాడు. "గుయ్యిమంటేనే గదా సార్ ఆన్‌లో ఉండాదని తెలిసేది. నేను మోటారు కాడుంటే గూడా దాన్ని ఇని, సరే, మైకు బాగుండాదని ఊరుకుంటా. ఇప్పుడు నాకెట్ల తెలుస్తాది?"

"ఈ పాటొక్కటి ఇనన్నా, తెలుస్తాది."

"అదంతా వద్దబ్బయ్యా," అన్నాడు ఓనరు, "రేపు ఇంగో పెండ్లుండాది. మీరు పొయ్యేటప్పుడు మా గుయ్ మాకు పెట్టి పోండి."